వెండి, బంగారు నాణేలు రోజువారీ చెలామణిలో నిలవాలంటే: లెక్క, తయారీ, పరీక్ష

ముందుగా తేల్చుకోవాల్సింది నాణెం మీద విలువ అంకె వేయాలా వద్దా అన్నది. ఏ లోహం, ఎంత బరువు, ఏ బొమ్మ అన్నవన్నీ ఆ తరువాతి సంగతులు. వెండి నాణేలు జనం చేతుల్లోంచి మాయమైన సందర్భాలను తరచి చూస్తే, చాలాసార్లు తప్పు లోహానిది కాదు, దాని మీద కొట్టిన అంకెది. లోహం ధర రోజూ మారుతుంది, అంకె మారదు. ఈ రెంటికీ పొత్తు ఎక్కడ చెడుతుందో నాణెం కొట్టకముందే లెక్క తేల్చి పెట్టుకోవాలి.

ఆ లెక్క ఇలా వేయాలి. నాణెం బరువును మేలిమి శాతంతో గుణిస్తే అందులో ఉన్న అసలు లోహం వస్తుంది. ముఖవిలువను, అంటే నాణెం మీది అంకెను, ఆ బరువుతో భాగిస్తే కరిగింపు ధర తేలుతుంది. మార్కెట్ ధర దాన్ని దాటితే నాణెం గల్లాపెట్టెకు రాదు, కొలిమికి పోతుంది. అమెరికా 10 సెంట్ల డైమ్ 1964 దాకా 2.5 గ్రాములు, 90 శాతం వెండి. అంటే ఒక్కోదానిలో 2.25 గ్రాములు, డాలరు విలువ చేసే పది నాణేల్లో 22.5 గ్రాములు. వెండి, బంగారాల తూకానికి వాడే ట్రాయ్ ఔన్సు 31.1035 గ్రాములు కనుక అది 0.7234 ఔన్సు. ఒకటిని దానితో భాగిస్తే ఔన్సుకు 1.38 డాలర్లు. 1960ల తొలినాళ్లలోనే మార్కెట్ ధర 1.29కి చేరింది. మిగిలిన తొమ్మిది సెంట్ల దూరం పూడేదాకా జనం ఆగలేదు, ముందే దాచుకోవడం మొదలుపెట్టారు. 1965 చట్టంతో డైమ్, క్వార్టర్ నాణేల్లోంచి వెండిని తీసేశారు. అందుకే కరిగింపు ధర దగ్గర పడటాన్నే ప్రమాద ఘంటగా చూడాలి, దాటడాన్ని కాదు.

అంకె వేస్తే ఎంత తేడా పెట్టాలి?

బ్రిటన్ 1816లో చేసిన ఏర్పాటు ఈ విషయంలో మంచి పాఠం. అంతకుముందు ఒక ట్రాయ్ పౌండు (12 ట్రాయ్ ఔన్సులు) స్టెర్లింగ్ వెండితో, అంటే 92.5 శాతం వెండితో, 62 షిల్లింగులు కొట్టేవారు. ఆ ఏడాది నుంచి 66 కొట్టారు. ముఖవిలువ లోహం కన్నా సుమారు ఆరున్నర శాతం ఎక్కువైంది. ఇలా చేసినప్పుడు రెండు కట్టుబాట్లు తప్పనిసరి. ఒకటి, ఎవరు పడితే వారు వెండి తెచ్చి నాణేలు కొట్టించుకునే వీలు ఉండకూడదు. లేకపోతే ఆ తేడా కోసమే అందరూ టంకశాల ముందు వరుస కడతారు. రెండు, పెద్ద బాకీలు ఈ నాణేలతో తీర్చే హక్కుకు హద్దు ఉండాలి. అప్పట్లో ఆ హద్దు 40 షిల్లింగులు.

ఆ ఆరున్నర శాతం దాదాపు వందేళ్లు కాపాడింది. షిల్లింగుకు 12 పెన్సులు కనుక ఆ నాణేల కరిగింపు ధర స్టెర్లింగ్ ఔన్సుకు 66 పెన్సులు. 1920 ఫిబ్రవరిలో వెండి 89 పెన్సులు దాటింది. అదే ఏడాది నాణేల్లో వెండిని 92.5 శాతం నుంచి 50 శాతానికి తగ్గించక తప్పలేదు. మా లెక్కలో, అంకె వేసే వెండి నాణెంలో లోహం విలువ ముఖవిలువలో సగానికి మించకూడదు. అప్పుడు ధర రెట్టింపైతే తప్ప కొలిమి బెడద ఉండదు.

అంకె వద్దనుకుంటే బరువు, మేలిమి మాత్రమే ముద్రించాలి. 1967లో మొదలైన దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్ అలాంటిదే. ముఖవిలువ లేదు, ఒక ఔన్సు మేలిమి బంగారం అని మాత్రం ఉంటుంది. ఈ దారి పట్టేవారు సరుకు ధరలు, జీతాలు కూడా గ్రాముల్లోనే పెట్టాలి. జీతం కాగితంలోనూ ధర లోహంలోనూ ఉంటే ప్రతి బేరానికీ రేటు చూడాలి. పుచ్చుకునేవాడు తన జాగ్రత్తకు కొంత వట్టం (విలువలో తగ్గింపు) కోసుకుంటాడు. నాలుగు చేతులు మారేసరికి ఆ వట్టమే నాణేన్ని మూల కూర్చోబెడుతుంది. పైగా కొన్ని దేశాల్లో నాణెం ఇచ్చి సరుకు కొన్నా లోహం అమ్మినట్టే లెక్కగట్టి లాభం మీద పన్ను వేస్తారు.

ఏ దారిలో వెళ్లినా బంగారానికీ వెండికీ మధ్య మారకం నిష్పత్తిని చట్టంతో బిగించకూడదు. అమెరికా 1792లో 15:1 (ఒక వంతు బంగారానికి 15 వంతుల వెండి) పెడితే, బంగారానికి మార్కెట్ కన్నా తక్కువ కట్టినట్టై బంగారం బయటికి పోయింది, 1834లో సుమారు 16:1 చేస్తే వెండి పోయింది. మార్కెట్లో ఈ నిష్పత్తి 1980 జనవరిలో 20 కన్నా కిందికి దిగింది, 2020 మార్చిలో 110 దాటింది. ఇంత ఊగేదాన్ని ఏ చట్టం పట్టి ఉంచగలదు?

పరిమాణం, మిశ్రమం, అంచు

0.1 గ్రాము మేలిమి బంగారాన్ని 0.3 మిల్లీమీటర్ల మందాన బిళ్లగా కొడితే వ్యాసం 4.7 మిల్లీమీటర్లు వస్తుంది. పెసర గింజంత. జేబు మూలలో పడితే వేలికి తగలదు. 1849లో వచ్చిన అమెరికా బంగారు డాలరు 1.672 గ్రాములు, 13 మిల్లీమీటర్లు. అది కూడా మరీ చిన్నదై, 1854లో పలచన చేసి వెడల్పు పెంచాల్సి వచ్చింది. కాబట్టి బంగారాన్ని పెద్ద చెల్లింపులకే ఉంచాలి. నిష్పత్తి 80 అనుకుంటే ఆ గింజంత బంగారానికి బదులు 8 గ్రాముల వెండి నాణెం చేతికి నిండుగా వస్తుంది. వెండి నాణేలకు 2 నుంచి 30 గ్రాముల దాకా అనువైన మేర. 2 గ్రాముల లోపు విలువకు రాగి, నికెల్ చిల్లరే దిక్కు. చిల్లర సరిపడా లేకుండా వెండి నాణేలు విడుదల చేస్తే మొదటి వారంలోనే బేరాలు ఆగిపోతాయి.

మేలిమి లోహంతో కొట్టొద్దు. మెత్తన కనుక సొట్టలు పడుతుంది, త్వరగా అరుగుతుంది. బంగారానికి 22 క్యారెట్లు, వెండికి 90 లేదా 92.5 శాతం, మిగతాది ప్రధానంగా రాగి. బొమ్మ ఎత్తు తక్కువగా ఉండాలి, చుట్టూ గట్టు దానికన్నా ఎత్తుగా ఉండాలి, అప్పుడు రాపిడి గట్టు మీద పడుతుంది. అంచుకు గీట్లు తప్పనిసరి. నున్నటి అంచును కాస్త కోసినా కంటికి ఆనదు, గీట్లున్న అంచు కోస్తే వెంటనే తెలిసిపోతుంది.

గల్లా దగ్గర పరీక్ష

గల్లా మీద ఒక త్రాసు, సరైన వ్యాసానికీ మందానికీ కోసిన సందు ఉన్న ఒక రేకు చాలు. బంగారం చాలా సాంద్రమైన లోహం. మామూలు లోహంతో చేసిన నకిలీకి బరువు సరిపెడితే సందులో పట్టదు, సందులో పట్టేలా చేస్తే బరువు తగ్గుతుంది. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, మేలిమి బంగారానిది 19.32, అందుకే కడ్డీల్లో అది మోసం చేయగలదు. 22 క్యారెట్ల సాంద్రత 17.5 నుంచి 17.8 వరకే ఉంటుంది కనుక ఉత్త టంగ్‌స్టన్‌కు బంగారు పూత పూస్తే బరువు ఎక్కువై పట్టుబడుతుంది.

వెండికి నీటి పరీక్ష చేయాలి. గ్లాసు నీళ్లు త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో అడుక్కి, పక్కలకి తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. 12.5 గ్రాముల 90 శాతం వెండి నాణెమైతే త్రాసు 1.21 గ్రాములు చూపాలి. రాగి-నికెల్‌దైతే 1.40 చూపుతుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి అసలు నాణెమే నకిలీలా కనబడుతుంది, కాబట్టి ముందు నాణేన్ని తడిపి తుడవాలి. 2.5 గ్రాముల నాణేనికి ఈ తేడా 0.04 గ్రాములే, అందుకే పదేసి కలిపి తూచాలి.

అరుగుదల ఖర్చు

బ్రిటిష్ బంగారు నాణెం సావరిన్ 7.988 గ్రాములు. 7.938కి తగ్గితే చెల్లదు. 1870 చట్టం ప్రకారం తక్కువ బరువు నాణెం తెచ్చినవాడి ముందే దాన్ని కోసేవారు, నష్టం అతనిదే. దాంతో జనం అరిగినవాటిని బ్యాంకుకు తేకుండా తమలో తామే తిప్పుకున్నారు. 1891 చట్టంతో ఆ నష్టాన్ని ప్రభుత్వం నెత్తికెత్తుకుంది. కొత్తగా నాణేలు విడుదల చేసేవారు ఈ పద్దును మొదటి రోజే రాసుకోవాలి. పది లక్షల నాణేలు, ఒక్కోదాని ఆయుష్షు 18 ఏళ్లు అనుకుంటే ఏటా సుమారు 55,500 తిరిగి కొట్టాలి. ఒక్కోదానికి 0.05 గ్రాముల తరుగు చొప్పున ఏడాదికి దాదాపు 2.8 కిలోల నాణెపు బంగారం విడిగా పక్కన పెట్టుకోవాలి.