వర్డ్ కొత్త వెర్షన్‌లో కనిపించని ఫారం కంట్రోల్స్‌ను తిరిగి తెచ్చుకోవడం

పర్లాకిమిడిలోని మా డీటీపీ దుకాణానికి వచ్చే దరఖాస్తు నమూనాలలో సగం ఒడియాలో, సగం తెలుగులో ఉంటాయి. వర్డ్ 2003లో తయారుచేసిన అలాంటి ఒక ఫైలును కొత్త వెర్షన్‌లో తెరిచినప్పుడు, పేరు నింపే బూడిదరంగు గడి యథాతథంగా ఉన్నా, మరో గడిని చేర్చడానికి వాడే ఫారమ్స్ టూల్‌బార్ మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఆ సాధనాలు పోలేదు. డెవలపర్ ట్యాబ్‌లోకి మారాయి, ఆ ట్యాబేమో మొదట్లో దాగి ఉంటుంది. వర్డ్ 2010లోను, ఆ తరువాతి వెర్షన్లలోను ఫైల్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, కస్టమైజ్ రిబ్బన్ ఎంచుకుని, కుడివైపు జాబితాలో డెవలపర్ పక్కన టిక్ పెట్టి ఓకే నొక్కాలి. 2007లో అయితే ఈ టిక్ వర్డ్ ఆప్షన్స్‌లోని పాపులర్ విభాగంలో ఉంటుంది.

ఇక ఆ ట్యాబ్‌లోని కంట్రోల్స్ విభాగంలో లెగసీ టూల్స్ బొమ్మను నొక్కితే పాత టెక్స్ట్ ఫీల్డ్, చెక్ బాక్స్, డ్రాప్‌డౌన్ మూడూ కనిపిస్తాయి. పక్కనున్న కంటెంట్ కంట్రోల్స్ (కొత్త రకం గడులు) మసకగా ఉంటే, సాధారణంగా ఫైలు ఇంకా పాత డాక్ (.doc) ఫార్మాట్‌లో ఉందని అర్థం. కొత్త ఫార్మాట్‌లోకి కన్వర్ట్ చేస్తే అవి పనిచేస్తాయి గాని, పాత వెర్షన్ వాడేవారికి తిరిగి పంపవలసిన ఫైలును కదపకపోవడమే మేలని నా అభిప్రాయం.

చెక్ బాక్స్‌ను నొక్కినా గుర్తు పడకపోతే, అదే ట్యాబ్‌లోని రిస్ట్రిక్ట్ ఎడిటింగ్‌లో ఫిల్లింగ్ ఇన్ ఫారమ్స్ ఎంచుకుని ప్రొటెక్షన్ ప్రారంభించాలి. పాత టూల్‌బార్‌లోని తాళం బొమ్మ చేసిన పని ఇదే.