కంప్యూటర్ గేమ్‌ను దుకాణంలో కొనాలా, డౌన్‌లోడ్ చేసుకోవాలా: ఎలా తేల్చుకోవాలి?

అనంతపురం క్లాక్ టవర్ దగ్గరి దుకాణంలో గేమ్ డబ్బా కొన్నా, ఇంట్లో కూర్చుని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొన్నా, గేమ్ చివరికి మీ హార్డ్ డిస్కులోకే చేరాలి. అందుకే ధర కంటే ముందు దాని పరిమాణం చూడండి. స్టోర్ పేజీలోని 'సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్' భాగంలో ఎన్ని జీబీల ఖాళీ, ఎంత ర్యామ్, ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలో ఉంటుంది. వాటిని మీ కంప్యూటర్‌తో సరిచూసుకోండి.

తరువాత మీ ఇంటర్నెట్ లెక్క వేయండి. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'కు 150 జీబీల ఖాళీ కావాలి. అంత డేటాను 40 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద, అంటే సెకనుకు 5 ఎంబీల చొప్పున దించుకోవడానికి ఎనిమిది గంటలు దాటుతుంది. రోజుకు 2 జీబీలిచ్చే మొబైల్ ప్యాక్ మీద అయితే 75 రోజులు పడుతుంది కనుక ఆ ఆలోచన మానుకోవడమే మంచిది.

డేటా తక్కువగా ఉన్నవారు దుకాణానికి వెళ్ళాలనుకోవడం సహజమే కానీ, అక్కడే ఎక్కువ జాగ్రత్త అవసరం. 2015లో 'జీటీఏ 5' పీసీ డబ్బాలో ఏడు డీవీడీలు వచ్చాయి. ఇప్పుడు చాలా డబ్బాలలో, గేమ్‌ను మీ ఆన్‌లైన్ ఖాతాకు చేర్చే కోడ్ ముద్రించిన కాగితం తప్ప మరేమీ ఉండదు, గేమ్ మొత్తాన్నీ మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవలసిందే. డబ్బా వెనుక సన్నని అక్షరాలను పూర్తిగా చదివి, "అన్నా, లోపల డిస్కు ఉందా, ఉత్త కోడేనా?" అని అడిగి తెలుసుకోండి. డిస్కు ఉన్నా, మీ ల్యాప్‌టాప్‌కు డీవీడీ డ్రైవ్ లేకపోతే ప్రయోజనం లేదు. సీలు తెగినదాన్ని తీసుకోవద్దు, ఎందుకంటే ఒక ఖాతాలో వాడిన కోడ్ మరొక ఖాతాలో పనిచేయదు. పెన్‌డ్రైవులో కాపీ చేసి ఇస్తామంటే ఒప్పుకోకండి; దానితోపాటు వైరస్ వచ్చే ప్రమాదం ఉంది.

నా దృష్టిలో ఆన్‌లైన్ కొనుగోలుకు ఉన్న పెద్ద బలం డబ్బు వాపసు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, వాపసు అడగవచ్చు. బయట కొన్న కోడ్‌కు స్టీమ్ ఈ సౌకర్యం ఇవ్వదు. స్టీమ్‌లోనే కొంటే, ఆ రెండు గంటలలోనే గేమ్ మీ కంప్యూటర్‌పై ఆగకుండా నడుస్తోందో లేదో పరీక్షించండి. తొందర లేకపోతే జూన్, డిసెంబరు నెలాఖరులలో వచ్చే సేల్స్ కోసం ఆగండి. ఎపిక్ స్టోర్ ప్రతి వారం ఏదో ఒక గేమ్ ఉచితంగా ఇస్తుంది. జీఓజీ అనే మరో ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న గేమ్ ఇన్‌స్టాలర్‌ను (గేమ్‌ను కంప్యూటర్‌లో వేసే ఫైలును) మాత్రం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో దాచుకొని, ఇంటర్నెట్ లేకుండానే మళ్ళీ వేసుకోవచ్చు.

డౌన్‌లోడ్‌ను రాత్రి పూట పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. స్టీమ్‌లో మీరు కొన్న గేమే మిత్రుడి కంప్యూటర్‌లోనూ ఉంటే, 'స్టీమ్‌యాప్స్' లోపలి 'కామన్' ఫోల్డర్‌లో ఉన్న ఆ గేమ్ ఫోల్డర్‌ను హార్డ్ డిస్కులో తెచ్చి, మీ కంప్యూటర్‌లో అదే చోట పెట్టి, ఆ తరువాత ఇన్‌స్టాల్ నొక్కండి. స్టీమ్ ఉన్న ఫైళ్ళను సరిచూసుకుని, తక్కువైనవి మాత్రమే దించుకుంటుంది.