తాడు కట్టి బల్లకట్టు నడపడం: డాబా మీద ఒక చిన్న రేవు

మాది నరసాపురం. వశిష్ఠ గోదావరి మీద సఖినేటిపల్లి రేవు చూస్తూ పెరిగాను. ఇప్పుడుండేది చెన్నై అయనావరంలో. అమెరికాలో బళ్లలో పడమటికి వలస వెళ్లినవాళ్లు నదులు ఎలా దాటారో బొమ్మగా చేసి తెమ్మని మనవరాలికి స్కూల్లో చెప్పారు. అట్టముక్క మీద నీలం రంగు పూస్తే పనైపోయేదే. కానీ రేవు అన్నాక నీళ్లు పారాలి కదా!

చేపల మార్కెట్లో ఐసు పెట్టే థర్మాకోల్ పెట్టె ఒకటి అడిగి తెచ్చుకోండి. రెండు కురచ గోడల్లోనూ పైనుంచి వెడల్పుగా గాట్లు కోయండి. నీళ్లు బయటికి పోయే వైపు గాటును అడుగునుంచి రెండు వేళ్ల ఎత్తు వరకు దించితే లోపల ఆ మేరకు నీళ్లు నిలుస్తాయి. దాని కింద టబ్బు పెట్టి, కూలర్ పంపుతో ఆ నీళ్లనే మళ్లీ పై గాటులోకి ఎక్కించండి. చెన్నైలో నీళ్లు వదిలేయడానికి నాకు మనసొప్పదు. పంపు ప్లగ్గు మాత్రం పెద్దవాళ్లే పెట్టాలి.

ఇక పడవ. 1847 జూన్‌లో తమ నాయకుడు బ్రిగమ్ యంగ్ వెంట పడమటికి వెళ్లిన మార్మన్లు (అమెరికాలో ఒక క్రైస్తవ శాఖవాళ్లు) ఇప్పటి వయోమింగ్ రాష్ట్రంలోని కాస్పర్ ఊరి దగ్గరికి వచ్చేసరికి నార్త్ ప్లాట్ నది నిండుగా పారుతోంది. మంచు కరిగిన నీళ్లు, మహా వడి. బళ్లను కలిపి కట్టి దాటించబోతే బోర్లాపడ్డాయి. చివరికి రెండు మానులు తొలిచి దోనెలు చేసి, వాటి మీద పలకలు బిగించారు. మన సంగడి లాంటిదే! యంగ్ తొమ్మిది మందిని రేవు నడపమని అక్కడే ఉంచి వెళ్లాడు. వెనక వచ్చేవాళ్ల దగ్గర బండికి ఒకటిన్నర డాలర్లు తీసుకునేవారు, డబ్బుకు బదులు పిండి ఇచ్చినా సరే.

మనకు రెండు అరటి దొప్పలు, నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లలు చాలు. బండికి అగ్గిపెట్టె. దాన్నిండా ఇసుక పోయండి. ఖాళీ సంగడి నీటి మీద తేలిపోతుంది, బరువుంటేనే కాస్త దిగి వడిని పట్టుకుంటుంది.

అసలు కిటుకు తాడులో ఉంది. అలాంటి రేవుల్లో చాలాచోట్ల తర్వాత తాళ్లు, కప్పీలు వచ్చాయి. గాలం దారాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు బిగించి, దాని మీద జారేలా రెండు పిన్నీసులు తగిలించండి. సంగడి ముందు కొస నుంచి ఒక దారం, వెనక కొస నుంచి ఒక దారం తెచ్చి పిన్నీసులకు కట్టండి. నేను మొదట రెండూ సమానంగా కట్టాను. సంగడి నది మధ్యలో అడ్డంగా నిలబడి ఒణికిందే తప్ప కదల్లేదు. ముందు దారం రెండంగుళాలు తగ్గించాను. ముందు కొస ఎగువకు ఏటవాలుగా తిరిగింది, నీళ్లు పక్కనుంచి నెట్టాయి, పిన్నీసులు టక్ టక్ మని జారుతూ సంగడి తనంతట తానే అవతలి గట్టుకు చేరింది. తెడ్డు లేదు, గెడ లేదు. "అమ్మమ్మా, నదే దాటిస్తోంది!" అని అరిచింది మనవరాలు.

తిరిగి రావాలంటే పొట్టి దారం వెనక్కి, పొడుగు దారం ముందుకు మార్చి కట్టాలి.

ఆ మార్మన్ల రేవుకు దిగువన 1853 నాటికి వంతెన వచ్చేసింది. పుల్లలతో అదీ కట్టి పెట్టాం. ఆఖరున టబ్బులో నీళ్లు డాబా మీది కరివేపాకు మొక్కకు పోశాం.