బ్రిడ్జ్ మీదే బ్యాండ్‌విడ్త్‌కి పగ్గం: నా అనుభవం

మా ఆఫీసులో రౌటర్‌కీ స్విచ్‌కీ మధ్య ఒక పాత లైనక్స్ పీసీ బ్రిడ్జ్‌గా (ఒక పోర్టులో వచ్చింది రెండో పోర్టులోంచి పంపేదిగా) ఉంది. లైను అటూ ఇటూ 100 ఎంబీపీఎస్. సర్వర్ బ్యాకప్ బయటికి ఎక్కడం మొదలైతే చాలు, వీడియో కాల్స్‌లో అందరి గొంతులూ ముక్కలుముక్కలు. ఎవరి ఐపీ మార్చకుండా ఈ పీసీలోనే సంగతి తేల్చాలనుకున్నా.

లైనక్స్‌లో ట్రాఫిక్‌ని అదుపు చేసే టీసీ కమాండ్‌తో హెచ్‌టీబీ క్యూలు (బ్యాండ్‌విడ్త్‌ని క్లాసులుగా పంచేవి) పెట్టాను. పెట్టాల్సింది బీఆర్0 (బ్రిడ్జ్ ఇంటర్‌ఫేస్) మీద కాదు. బ్రిడ్జ్ దాటి వెళ్లే ట్రాఫిక్ బీఆర్0 క్యూలోకి రానే రాదు. ఆ పీసీ సొంతంగా పంపేది మాత్రమే వస్తుంది. పైగా షేపింగ్ (వేగానికి పరిమితి పెట్టడం) కుదిరేది పోర్టులోంచి బయటికి పోయేదాని మీదే. కాబట్టి అప్‌లోడ్‌కి రౌటర్ వైపున్న ఈత్0 పోర్టు, డౌన్‌లోడ్‌కి స్విచ్ వైపున్న ఈత్1. మొదటిదానిలో ఏ ప్యాకెట్ ఏ క్లాస్‌కో తేల్చే ఫిల్టర్ సోర్స్ ఐపీ చూస్తుంది, రెండోదానిలో డెస్టినేషన్ ఐపీ. నాట్ (లోపలి ఐపీలను బయటి ఐపీగా మార్చడం) రౌటర్‌లోనే జరుగుతుంది కనుక ఇక్కడ లోపలి ఐపీలు అలాగే కనిపిస్తాయి.

మొత్తం రేటు 95 ఇచ్చా. పూర్తి 100 ఇస్తే క్యూ మన చేతిలో ఉండదు, అవతలి మోడెమ్‌లో పేరుకుంటుంది. సర్వర్‌కి రేట్ (హామీ వాటా) 30, సీల్ (గరిష్ఠ పరిమితి) 60. యూజర్లకి రేట్ 60, సీల్ 95. మిగిలిన 5 డిఫాల్ట్ క్లాస్‌కి. ఫిల్టర్‌కి చిక్కని ఏఆర్‌పీ (ఐపీకి హార్డ్‌వేర్ అడ్రస్ వెతికే సందేశాలు) లాంటివి అందులో పడతాయి. ప్రతి క్లాస్ కిందా ఎఫ్‌క్యూ కోడెల్ (క్యూలో ఆలస్యం పెరగకుండా చూసే పద్ధతి). ఐపీటేబుల్స్‌తో (లైనక్స్ ఫైర్‌వాల్) ప్యాకెట్లకి మార్కింగ్ చేసే జోలికి పోలేదు. దానికి బ్రిడ్జ్ నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ ఎక్కించాలి. టీసీలోనే ఐపీ చూసి వేరుచేసే యూ32 ఫిల్టర్ ఉండగా ఎందుకా గోల!

బ్యాకప్ నడుస్తుండగా టీసీ లెక్కలు చూశా. బ్యాక్‌లాగ్ (క్యూలో ఆగి ఉన్న డేటా) అంతా సర్వర్ క్లాస్‌లోనే, యూజర్ల వైపు సున్నా. బ్యాకప్ ఇదివరకటి కంటే ఆలస్యంగా ముగుస్తోంది, దాని గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.