వైట్‌టెయిల్ వేట: మంచె మీదా, నేల మీదా?

అమెరికాలో లైసెన్సు తీసుకుని విల్లుతో వైట్‌టెయిల్ జింకల వేటకు వెళ్లేవాళ్లలో చాలామంది చెట్టు మంచె ఎంత ఎత్తైతే అంత మేలనుకుంటారు. 15 నుంచి 20 అడుగులు చాలు. అంతకు మించితే బాణం నిటారుగా దిగి ఒక్క ఊపిరితిత్తికే తగిలే ప్రమాదం ఎక్కువ. అలా గాయపడ్డ జింక చాలా దూరం పోయి చచ్చినా దొరకదు. ఇది మాత్రం జరగనివ్వకండి. జింక సరిగ్గా మంచె కిందికొస్తే ఆగండి, 15 - 20 గజాలు జరిగి పక్కకు తిరిగాకే బాణం వదలండి. చేతులు దించి కాదు, నడుము దగ్గర వంగి గురి చూడాలి.

పడిపోవడాలు ఎక్కువగా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, నిచ్చెన నుంచి మంచె మీదికి కాలు మార్చేటప్పుడే. అందుకే ఒంటికి పూర్తి హార్నెస్ (జారినా పడనివ్వని బెల్టు పట్టీలు) వేసుకుని, నేల మీదున్నప్పుడే దాన్ని లైఫ్‌లైన్‌కు, అంటే చెట్టు పైనుంచి కిందిదాకా కట్టిన తాడుకు తగిలించండి. విల్లును చేత్తో పట్టుకుని ఎక్కొద్దు, వేరే తాడు కట్టి పైకి లాగండి.

చెట్లు సన్నగా ఉన్నచోట నేల మీద బ్లైండ్, అంటే లోపల దాక్కుని వేటాడే గుడారమే నయం. వారం రెండు వారాల ముందే వేసి, అక్కడి కొమ్మలే కప్పండి. లోపల నల్లబట్టలు వేసుకోండి. వెనక కిటికీలు మూయకపోతే వెలుతురులో మీ కదలిక నీడలా కనబడుతుంది. తుపాకీ సీజన్ కూడా నడుస్తుంటే, ఎవరూ పొరపాటున అటు కాల్చకుండా గుడారం బయట నాలుగు వైపులా ఆరెంజ్ గుడ్డ కట్టండి, లోపల మీరు వేసుకున్నది ఇతర వేటగాళ్లకు కనబడదు.

ఏది ఎంచుకున్నా గాలి జింకల వైపు నుంచి మీ వైపు వీచాలి, లేదంటే మీ వాసన పసిగడతాయి. సాయంత్రం చల్లబడ్డ గాలి వాలు వెంట కిందికి జారుతుంది కాబట్టి, అప్పుడు జింకల దారికి పైవాలులో కూర్చోవద్దు.