సెలవుల ప్రయాణంలో పిల్లి సంగతి: ఇంట్లోనా, బోర్డింగ్‌లోనా, మన వెంటా?

టికెట్లు చేతికి వచ్చి పెట్టెలు సర్దుకునే వేళకు గానీ చాలామందికి పిల్లి గుర్తుకు రాదు. నిజానికి ప్రయాణం తేదీలు అనుకున్న రోజునే దాని సంగతి కూడా తేల్చుకోవాలి. బోర్డింగ్‌లో, అంటే డబ్బు తీసుకుని పెంపుడు జంతువులను చూసుకునే చోట ఉంచాలంటే టీకాలు ముందే పడి ఉండాలి, వెంట తీసుకెళ్లాలంటే క్యారియర్ (పిల్లిని మోసుకెళ్లే పెట్టె) అలవాటై ఉండాలి, ఇంట్లోనే వదిలేటట్లయితే రోజూ వచ్చి చూసే మనిషి దానికి కొంతైనా పరిచయమై ఉండాలి. వీటిలో ఏదీ ఆఖరి వారంలో సవ్యంగా కుదిరే పని కాదు.

కుక్కకు తన మనిషి ఎక్కడుంటే అదే ఇల్లు. పిల్లికి మనుషుల మీద మమకారం లేదని కాదు గానీ, దాని ధైర్యమంతా తాను మసలే చోటులో ఉంటుంది. తలుపు అంచులకూ కుర్చీ కాళ్లకూ అది రోజూ చెంపలు రుద్దేది తన వాసనను అక్కడ నిలుపుకోవడానికే. కొత్త చోటికి తీసుకెళితే ఆ గుర్తులన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. అందువల్ల రెండు వారాల లోపు ప్రయాణమైతే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లిని ఇంట్లోనే ఉంచి, నమ్మకస్థులొకరు రోజూ వచ్చి చూసే ఏర్పాటు చేయడమే అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. మిగిలిన రెండు దారులూ ఇది కుదరనప్పుడు ఆలోచించవలసినవి.

ఏ దారి ఎంచుకున్నా మొదట చూడవలసింది తిండి గిన్నెను. ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అనే మాట పిల్లుల విషయంలో చెల్లదు. బెంగపడిన పిల్లి ఆకలి వేసినా తినకుండా ఉండిపోగలదు. అలా రెండు మూడు రోజులు గడిస్తే, ముఖ్యంగా ఒళ్లు చేసిన పిల్లుల్లో, శరీరంలోని కొవ్వు కాలేయంలో పేరుకుపోయి హెపాటిక్ లిపిడోసిస్ అనే ప్రమాదకరమైన జబ్బు చేయవచ్చు. కాబట్టి 24 గంటల పాటు ఏమీ తినలేదంటే పశువైద్యుడికి ఫోన్ చేయాలని, పిల్లిని ఎవరికి అప్పగించినా స్పష్టంగా చెప్పండి.

దానంతటదే తిండి పెట్టే యంత్రాన్ని, నిండు నీళ్ల గిన్నెను నమ్ముకుని మూడు నాలుగు రోజులు వెళ్లిపోవచ్చని కొందరు అనుకుంటారు. నేనూ ఒకసారి అలాగే అనుకున్నాను. రెండో రాత్రి తిరిగి వచ్చేసరికి యంత్రం పైభాగం నిండుగానే ఉంది, కింది గిన్నె మాత్రం నాకి నాకి మెరుస్తోంది. ఒక డ్రై ఫుడ్ గుళిక నోటి దగ్గర అడ్డం పడి, ఆ తర్వాత ఒక్క గింజ కూడా జారలేదు. అదృష్టవశాత్తూ పోయింది ఒక రోజు తిండే. యంత్రం వచ్చే మనిషికి సాయపడవచ్చు గానీ ఆ మనిషికి బదులు కాలేదు.

వచ్చే మనిషి రోజుకు ఒక్కసారైనా రావాలి, రెండుసార్లు వస్తే మరీ మంచిది. ఆరు నెలలు నిండని కూనలకు, బాగా ముసలివైన పిల్లులకు, మందులు వాడుతున్నవాటికి ఒక్కసారి చాలదు. మధుమేహం ఉన్న పిల్లికి సాధారణంగా 12 గంటలకొకసారి ఇన్సులిన్ ఇవ్వాలి కాబట్టి సూది వేయడం తెలిసినవారు ఇంట్లోనే ఉండిపోవడం, లేదా వైద్యశాలకు అనుబంధంగా ఉన్న బోర్డింగ్‌లో ఉంచడం తప్పదు. వచ్చినవారు గిన్నె నింపి వెళ్లిపోకుండా అరగంటైనా కూర్చోవాలి, పిల్లిని కళ్లారా చూడాలి. ‘కనబడలేదు, ఎక్కడో దాక్కుని ఉంటుంది’ అన్న జవాబును ఒప్పుకోకండి. దాక్కున్న పిల్లిని బయటికి లాగనక్కర్లేదు, మంచం కింద మెరిసే రెండు కళ్లు కనబడితే చాలు. అవీ కనబడకపోతే బీరువాలు, సొరుగులు, వాషింగ్ మెషీన్ తెరిచి చూడవలసిందే.

గిన్నె తర్వాత ఎక్కువ విషయం చెప్పేది లిట్టర్ బాక్స్, అంటే పిల్లి మలమూత్రాలకు వాడే పెట్టె. తడి తగిలితే గడ్డకట్టే లిట్టర్ (ఆ పెట్టెలో పోసే ఇసుక లాంటిది) వాడే ఇళ్లలో, రోజూ తీసే గడ్డలను లెక్కపెట్టమని వచ్చే మనిషికి చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మామూలుగా రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది. మీ పిల్లి లెక్క ఎంతో ప్రయాణానికి వారం ముందే గమనించి కాగితం మీద రాసి పెట్టండి. మూడు గడ్డలుండే చోట పెద్దది ఒక్కటే ఉన్నా, చిన్న చిన్న ఉండలు పది ఉన్నా, అసలేమీ లేకపోయినా దానికి అర్థముంది. మగ పిల్లుల మూత్రనాళం చాలా సన్నం; బెంగ, తక్కువ నీళ్లు తాగడం వంటి కారణాల వల్ల అది మూసుకుపోయే అవకాశం ఉంటుంది. పదే పదే బాక్సులోకి వెళ్లి ముక్కుతూ కూర్చోవడం, చుక్క కూడా రాకపోవడం, అరవడం, వెనకభాగాన్ని అదేపనిగా నాకడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీయగల స్థితి అది. చూసేవాళ్లు దీన్ని మలబద్ధకమని పొరబడటం మామూలే.

వచ్చే మనిషి కోసం రాసే కాగితంలో తిండి కొలతతో పాటు వైద్యుడి ఫోన్ నంబరు, రాత్రివేళ తెరిచి ఉండే వైద్యశాల చిరునామా, మీరు ఫోన్‌లో దొరకకపోతే ఎంత ఖర్చు వరకు చికిత్స చేయించవచ్చో చెప్పే ఒక వాక్యం ఉండాలి. ఆ వాక్యం లేక అవతలి మనిషి సంకోచించి, గంటలు వృథా అయ్యే సందర్భాలుంటాయి. రెండో తాళం చెవి మరొకరి దగ్గర ఉంచండి. గాలికి మూసుకుపోయే గది తలుపులకు అడ్డం పెట్టండి, కిటికీల వలలు ఊడిపోలేదని చూసుకోండి, దారాలూ రిబ్బన్లూ సొరుగులో వేసేయండి. ఇంట్లో లిల్లీ పువ్వులుంటే తీసేయండి. వాటి పుప్పొడి ఒంటికి అంటుకుని, పిల్లి దాన్ని నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. జ్వరం వచ్చినట్టుందని జాలిపడి పారాసెటమాల్ లాంటి మన మాత్రలు వేయవద్దని కూడా రాయండి. పిల్లులకు అది విషం.

ఇక బోర్డింగ్. ఇంటికి వచ్చేవారు దొరకనప్పుడు, ఇంట్లో మరమ్మతులు జరుగుతున్నప్పుడు, పిల్లికి రోజూ వైద్యం అవసరమైనప్పుడు ఇదే సరైన మార్గం. అక్కడికి ముందే వెళ్లి చూడండి. కుక్కల అరుపులు వినబడని విడి గది ఉందా, పిల్లి దాక్కోవడానికి ఒక పెట్టె, ఎక్కి కూర్చోవడానికి ఒక అర ఉన్నాయా, తిండి గిన్నెకూ లిట్టర్ బాక్సుకూ మధ్య దూరముందా అన్నవి కంటితో తేలే విషయాలు. టీకాల కాగితాలు అడగని చోటు ఎంత శుభ్రంగా కనబడినా వెనక్కి వచ్చేయండి. పిల్లులకు సోకే పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి వైరస్‌లకు కలిపి ఇచ్చే టీకా, రేబిస్ టీకా ముఖ్యం. టీకా పడినా, హెర్పిస్ ఒకసారి సోకిన పిల్లికి ఒత్తిడి వల్ల తుమ్ములు, కళ్ల నీరు తిరగబెట్టవచ్చు. మీ పిల్లి తినే తిండినే అక్కడికి పంపండి, ఎందుకంటే తిండి ఒక్కసారిగా మారితే విరేచనాలు పట్టుకుంటాయి. ఉతకని మీ చొక్కా ఒకటి దాని పక్కన పెట్టించండి. సుదీర్ఘ ప్రయాణమైతే, ముందుగా ఒక్క రాత్రి అక్కడ వదిలి అది తింటుందో లేదో చూసుకోవడం మంచిది. స్నేహితుల ఇంట్లో వదలడం పిల్లి దృష్టిలో దాదాపు బోర్డింగ్‌తో సమానమే. పైగా తెరిచిన తలుపుల భయం అదనం.

వెంట తీసుకెళ్లడం నెలకు పైబడి ఒకేచోట ఉండేవారికి తగినది, నాలుగు రోజుల్లో మూడు ఊళ్లు తిరిగేవారికి కాదు. క్యారియర్‌ను కొన్ని వారాల ముందే గదిలో తలుపు తెరిచి పెట్టండి. మొదట దాని గుమ్మం దగ్గర తిండి పెట్టండి, తర్వాత లోపలి అంచున, తర్వాత చివరన. లోపల నిశ్చింతగా తింటున్నప్పుడు తలుపు ఒక్క నిమిషం మూసి తెరవండి. అటకమీంచి దించిన రోజునే పిల్లిని దానిలోకి తోయడం వల్లే మన చేతులు గీరుకుపోతాయి. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకపోతే వాంతులు తగ్గుతాయి. కారులో క్యారియర్‌ను కదలకుండా బిగించి పైన పలుచని గుడ్డ కప్పండి, దారిలో ఎంత ఏడ్చినా తెరవకండి. ఎండలో ఆపిన కారులో కొద్ది నిమిషాలైనా వదలవద్దు.

విమానమైతే క్యాబిన్‌లోకి అనుమతి ఉందో లేదో టికెట్ కొనే ముందే అడగాలి. పర్షియన్ వంటి చప్పిడి ముక్కు పిల్లులకు ఊపిరి ఇబ్బంది ఎక్కువ గనుక వాటిని సామాన్ల గదిలో పంపకపోవడమే మేలు. మత్తుమందు సొంతంగా ఇవ్వకండి. వైద్యుడు గాబాపెంటిన్ వంటిది రాస్తే, ప్రయాణానికి ముందు ఇంట్లో ఒకసారి ఇచ్చి ఎలా పనిచేస్తుందో చూడండి. దేశం దాటేటట్లయితే మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), దాని తర్వాత రేబిస్ టీకా, ఆ పైన నిరీక్షణ కాలం అనే వరుస తప్పకూడదు. యూరోపియన్ యూనియన్ దేశాలకు మొదటి రేబిస్ టీకా తర్వాత కనీసం 21 రోజులు ఆగాలి. కొన్ని దేశాలు రక్తపరీక్ష కూడా అడుగుతాయి, అప్పుడు లెక్క నెలల్లోకి పోతుంది. చిప్‌కు జతచేసిన ఫోన్ నంబరు పాతదైతే చిప్ ఉండీ ప్రయోజనం లేదు. చేరిన చోట పిల్లిని ఇల్లంతా వదలకుండా మొదట ఒక్క గదిలో, తన లిట్టర్ బాక్సుతో, తలుపు మూసి ఉంచండి.

తిరిగి వచ్చాక పిల్లి ముఖం తిప్పుకుని కూర్చుంటే నొచ్చుకోకండి, దాన్ని ఎత్తుకోబోకండి. అదే దగ్గరికి వస్తుంది. రెండు పిల్లుల్లో ఒక్కటే బోర్డింగ్ నుంచి వస్తే, కొత్త వాసన వల్ల ఇంట్లో ఉన్నది దాన్ని గుర్తుపట్టక బుసకొట్టవచ్చు. ఒకటి రెండు రోజులు వేర్వేరు గదుల్లో ఉంచి, ఒకదాని పక్కగుడ్డ మరొకదాని దగ్గర వేసి, ఆ తర్వాత తలుపు కొద్దిగా తెరవండి. ఆ రోజుల్లో కూడా గిన్నెలో తగ్గిన తిండిని, లిట్టర్‌లోని గడ్డలను మీరే లెక్కపెట్టండి.