లాక్‌డౌన్‌లో నడుం నొప్పి: వీడియో కాల్‌లో వ్యాయామం ఎలా?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక బస్సులూ, ఆటోలూ ఆగిపోయాయి. ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లి నడుముకి కరెంటు చికిత్స పెట్టించుకునే వీలు లేకపోయింది. మూడు నెలలు దాటిన నడుం నొప్పికి అదేమంత పెద్ద నష్టం కాదు. ఇందులో అసలు పని వ్యాయామానిది, దాన్ని ఫోనులోనూ చేయించవచ్చు.

ముందు ఒక వడపోత. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలం తగ్గుతున్నా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా కాల్ పెట్టుకోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. లాక్‌డౌన్‌లోనూ అత్యవసర వైద్యానికి మినహాయింపు ఉండేది. బీపీ, షుగర్, గుండె మందులు వాడేవాళ్లు ఆ సంగతి ఫిజియోథెరపిస్టుకి మొదటి కాల్‌లోనే చెప్పాలి.

ఫోన్‌ని ఇంట్లోవాళ్ల చేతికిస్తే మొహమే చూపిస్తారు. స్టూలు మీద బియ్యం డబ్బాకు ఆనించి, అడ్డంగా, 6–8 అడుగుల దూరంలో పెట్టండి. మీరు పక్కకు తిరిగి నిలబడితేనే నడుం వంపు కనబడుతుంది. వెనక కిటికీ ఉంటే మనిషి నల్లగా పడతారు. నైటీలో మోకాళ్లు కనబడవు, ట్రాక్ ప్యాంటు వేసుకోండి. సిగ్నల్ సరిగా లేకపోతే 20 సెకన్ల వీడియో తీసి వాట్సాప్ చేసినా పనవుతుంది.

మొదటి వ్యాయామం కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది కాబట్టి గోడకు ఆనించాలి. సీటు పల్లంగా ఉంటే దుప్పటి మడిచి వేయండి. అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్ల మీదికి వచ్చేదాకా వంగి లేవాలి. కూర్చునేటప్పుడు మనసులో మూడు లెక్కపెట్టాలి. ఎక్కువమంది దబ్బున కూలబడేది ఇక్కడే. ఊపిరి బిగబట్టకుండా ఉండటానికి లెక్క పైకే చెప్పమంటాం.

ఎన్నిసార్లు? మూడు రోజులపాటు, నొప్పి పెరగడం మొదలయ్యేలోపు ఎన్ని చేయగలిగారో క్యాలెండర్ గడిలో రాయండి. 10, 6, 8 వచ్చాయనుకుంటే సగటు 8. అందులో ఐదో వంతు తీసేస్తే సుమారు 6. అదే మీ రోజు లెక్క. ఒళ్లు బాగున్న రోజూ ఆరే, బాగోలేని రోజూ ఆరే. వారం నిలకడగా సాగితే ఏడు చేయండి.

ఈ పద్ధతిని చెడగొట్టేది బాగున్న రోజే. ‘ఈరోజు తేలిగ్గా ఉంది కదా’ అని ఫ్యాన్లు తుడిచి, కింద కూర్చుని ఆవకాయకి రెండు గంటలు ముక్కలు కొడతారు. తర్వాత మూడు రోజులు మంచం దిగరు, పైగా నింద వ్యాయామం మీద పడుతుంది. ముక్కలు కొట్టొద్దని కాదు. బల్ల మీద పెట్టుకుని, 15 నిమిషాలకోసారి ఫోన్‌లో అలారం మోగగానే లేచి హాల్లో రెండు చుట్లు తిరగండి.

చేసేటప్పుడు నొప్పి పదికి నాలుగు నుంచి ఆరుకు పెరిగినా, మర్నాటికి మళ్లీ నాలుగుకి దిగితే ఫర్వాలేదు. దిగకపోతే పూర్తిగా మానేయకండి. రెండు రోజులు మూడేసి సార్లు చేసి, నెమ్మదిగా మళ్లీ ఆరుసార్లకు రండి. ఈలోపు కాలు తిమ్మిరి మోకాలు దాటి పాదానికి దిగుతుంటే మాత్రం ఫిజియోథెరపిస్టుతో వారానికోసారి మాట్లాడే కాల్ కోసం ఆగొద్దు, ఆరోజే ఫోన్ చేయండి.